భాస్వరం హద్దులో – ఎముక భద్రం

నందిగామ, జగ్గయ్యపేట వైపు రైతులకు భాస్వరం కొత్త మాట కాదు. పత్తి వేసినా, మిరప నాటినా, వరి ఊడ్చినా ఎరువు బస్తా కొంటాం. బస్తా మీద మూడు అంకెలు ఉంటాయి. డి.ఏ.పి. బస్తా మీద 18-46-0 అని ఉంటుంది. మొదటి అంకె నత్రజని. నడిమి అంకె భాస్వరం. చివరి అంకె పొటాష్. చదువు రానప్పుడు కొట్టువాడు చెప్పిందే నమ్మాం. ఇప్పుడు ఆ అంకెలు మనమే చదువుకుంటున్నాం.

ఆ భాస్వరమే మన ఒంట్లో కూడా ఉంది. డాక్టర్లు దాన్ని ఫాస్ఫరస్ అంటారు. ఫాస్ఫేట్ అని కూడా అంటారు. మనం తినే అన్నంలో, పప్పులో, పాలలో, గుడ్డులో, మాంసంలో అది ఉంటుంది.

చేనుకు భాస్వరం తగ్గితే పంట ఎదగదు. మనిషికి కూడా అది కావాలి. కానీ మూత్రపిండాలు చెడిపోయిన మనిషికి అది ఎక్కువైతే ఆపద. ఎముకలు గుల్లబారతాయి. గుండెకూ దెబ్బే. ఈ సంగతి తెలియక చాలా ఇళ్ళలో రోగికి ప్రేమతో పెట్టే తిండే చేటు చేస్తోంది. అందుకే ఈ పాఠం.

ఎముకలో ఏముంది?

ఎముక చూడటానికి రాయిలా ఉంటుంది. కానీ అది రాయి కాదు. దానికి ప్రాణం ఉంది. రోజూ కొంచెం అరుగుతుంది. రోజూ కొంచెం కొత్తగా తయారవుతుంది.

ఎముక గట్టిగా ఉండటానికి ముఖ్యంగా రెండు సరుకులు కావాలి. ఒకటి క్యాల్షియం. దాన్నే మనం సున్నం అంటాం. రెండోది భాస్వరం. ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు, ఇసుక పాళ్ళు కుదరాలి కదా! ఎముకకు కూడా ఈ రెండింటి పాళ్ళు కుదరాలి.

పెద్ద మనిషి ఒంట్లో సుమారు 700 గ్రాముల భాస్వరం ఉంటుంది. అందులో 100కి 85 పాళ్ళు ఎముకల్లోనూ, పళ్ళలోనూ ఉంటుంది. మిగిలింది కండల్లో, మిగతా అవయవాల్లో ఉంటుంది. రక్తంలో ఉండేది చాలా కొంచెం. ఆ కొంచెం కూడా హద్దులోనే ఉండాలి.

మూత్రపిండాలు చేసే పని

మనకు రెండు మూత్రపిండాలు ఉన్నాయి. వాటినే కిడ్నీలు అంటాం. నడుముకు కొంచెం పైన, వెన్నుకు అటూ ఇటూ ఉంటాయి. ఒక్కొక్కటి మన పిడికిలి అంత ఉంటుంది.

మూత్రపిండాలు రక్తాన్ని వడకడతాయి. చెత్తను, ఎక్కువైన నీటిని, ఎక్కువైన ఉప్పును మూత్రంలోకి పంపుతాయి. ఎక్కువైన భాస్వరాన్ని కూడా అలాగే పంపుతాయి. ఇంకో పని కూడా చేస్తాయి. డి విటమిన్‌ను ఒంటికి పనికొచ్చేలా తయారు చేస్తాయి. డి విటమిన్ ఉంటేనే తిండిలోని సున్నం ఒంటికి పడుతుంది.

వాన ఎక్కువైతే చేలో నీరు మురుగు కాలువలోకి పోతుంది. కాలువ పూడిపోతే? నీరు చేలోనే నిలుస్తుంది. పైరు కుళ్ళుతుంది. మూత్రపిండాలు చెడినప్పుడు భాస్వరం కూడా అలాగే ఒంట్లో నిలిచిపోతుంది.

ఈ జబ్బు ఎవరికి వస్తుంది?

షుగరు జబ్బు చాలా ఏళ్ళు అదుపులో లేనివారికి వస్తుంది. బి.పి. ఎక్కువగా ఉన్నవారికి వస్తుంది. నొప్పుల బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగినవారికి రావచ్చు. మూత్రంలో రాళ్ళు ఉండి పట్టించుకోని వారికి రావచ్చు.

కొన్ని ఊళ్ళలో షుగరు, బి.పి. లేనివారికి కూడా వస్తోంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు వినే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు ఊళ్ళలో ఇంటింటా ఈ మాట వినపడుతుంది. అక్కడి వారి కోసం 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం తెరిచారు. వంశధార నీటిని తాగడానికి ఊళ్ళకు పంపే పథకం కూడా అప్పుడే మొదలుపెట్టారు.

ఉద్దానం దూరం అనుకోకండి. నందిగామ, జగ్గయ్యపేట ఒకప్పుడు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ నుంచి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. అదే జిల్లాలో తిరువూరు వైపు ఎ.కొండూరు మండలం ఉంది. అక్కడి తండాల్లో చాలామంది మూత్రపిండాల జబ్బు పడ్డారు. కాబట్టి ఈ పాఠం మన ఇంటి పాఠమే.

ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. చప్పుడు చేయదు. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. షుగరు, బి.పి. ఉన్నవారు ఏడాదికి ఒకసారైనా ఈ పరీక్షలు చేయించుకోవాలి.

ఎముక ఎలా గుల్లబారుతుంది?

మన మెడలో నాలుగు చిన్న గ్రంథులు ఉన్నాయి. ఒక్కొక్కటి కందిబద్ద అంత ఉంటుంది. ఇంత చిన్నవి! కానీ వీటి పెత్తనం పెద్దది. రక్తంలో సున్నం తగ్గకుండా ఇవి కాపలా కాస్తాయి. సున్నం తగ్గితే ఎముకలకు కబురు పంపుతాయి. “దాచుకున్న సున్నం కొంచెం ఇవ్వండి” అని అడుగుతాయి. ఎముకలు ఇస్తాయి. ఆ కబురు తీసుకుపోయే పదార్థాన్ని డాక్టర్లు పి.టి.హెచ్. అంటారు.

ఆరోగ్యంగా ఉన్నవారిలో ఇది మంచి ఏర్పాటే. కానీ మూత్రపిండాలు చెడితే వరుసగా ఇలా జరుగుతుంది.

ఒకటి. భాస్వరం బయటికి పోదు. రక్తంలో పెరుగుతుంది.

రెండు. డి విటమిన్ తయారు కావడం తగ్గుతుంది. తిండిలో సున్నం ఉన్నా ఒంటికి పట్టదు. రక్తంలో సున్నం తగ్గుతుంది.

మూడు. మెడలోని గ్రంథులు ఊరుకోవు. రాత్రింబవళ్ళు ఎముకలకు కబుర్లు పంపుతాయి. అవి కూడా ఉబ్బుతాయి.

నాలుగు. ఎముకలు రోజూ సున్నం ఇస్తూ పోతాయి. గాదెలో ధాన్యం రోజూ తీస్తూ, పొయ్యకుండా ఉంటే ఏమవుతుంది? అడుగు కనపడుతుంది. ఎముక గుల్లబారుతుంది.

ఐదు. ఎముక కరిగినప్పుడు సున్నంతో పాటు భాస్వరం కూడా బయటికి వస్తుంది. రక్తంలో భాస్వరం ఇంకా పెరుగుతుంది. అది సున్నంతో కలిసి రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. నీళ్ళ గొట్టంలో చార పట్టినట్టు నాళాలు గట్టిపడతాయి. గుండెకు భారం పెరుగుతుంది.

చూశారా! ఉండవలసిన చోట సున్నం తరిగిపోతుంది. ఉండకూడని చోట చేరుతుంది.

గుర్తులు ఏమిటి?

నడుము, తుంటి, మోకాళ్ళు, పక్కటెముకలు నొప్పి పుడతాయి. కింద కూర్చుంటే లేవడం కష్టమవుతుంది. చిన్న దెబ్బకే ఎముక విరుగుతుంది. ఒళ్ళంతా దురద పుడుతుంది. కళ్ళు ఎర్రబడతాయి. పిల్లలకు ఈ జబ్బు ఉంటే ఎదుగుదల తగ్గుతుంది, కాళ్ళు వంకర పోవచ్చు.

అయితే చాలామందికి చాలాకాలం ఏ గుర్తూ ఉండదు. కాబట్టి నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. రక్త పరీక్షే నమ్మకమైన గుర్తు.

మామూలు మనిషి రక్తంలో భాస్వరం 2.5 నుంచి 4.5 దాకా ఉంటుంది. కొన్ని ల్యాబుల్లో ఈ హద్దు కాస్త అటూ ఇటూ ఉంటుంది. రిపోర్టులో ఆ మాట ఇంగ్లీషులో ఉంటుంది. ల్యాబులో అడిగి ఆ వరుస కింద గీత గీయించుకోండి. అంకె మీరే చదవండి. ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. పక్కన సున్నం అంకె, పి.టి.హెచ్. అంకె కూడా రాయండి. పోయిన నెల కంటే పెరిగిందా, తగ్గిందా మీకే తెలుస్తుంది. డాక్టరును ధైర్యంగా అడగవచ్చు.

ప్రేమతో పెట్టే తిండి

ఎవరికైనా ఎముకల నొప్పి అంటే మనం ఏం చేస్తాం? “పాలు తాగు” అంటాం. రోజూ గుడ్డు పెడతాం. మేక కాళ్ళ సూపు కాచి పోస్తాం. నువ్వుల ఉండలు చేసిపెడతాం. కొట్లో అమ్మే బలం పొడి కొని పాలలో కలుపుతాం.

మూత్రపిండాలు బాగున్న మనిషికి పాలు, గుడ్డు, నువ్వులు మంచివే. కానీ మూత్రపిండాలు చెడిన మనిషికి ఇవన్నీ భాస్వరాన్ని పెంచుతాయి. ఎముక బలపడాలని పెట్టిందే ఎముకను కరిగిస్తుంది. ఇందులో పెట్టినవారి తప్పు లేదు. చెప్పేవారు లేక జరిగింది. ఇప్పుడు తెలుసుకున్నాం.

అలాగని రోగిని పస్తు పెట్టకూడదు. డయాలిసిస్ చేయించుకునే వారికి మాంసకృత్తులు మామూలు మనిషి కంటే ఎక్కువే కావాలి. డయాలిసిస్ ఇంకా మొదలుపెట్టని వారికి కొంచెం తగ్గించమంటారు. ఎంత తినాలో డాక్టరునే అడగాలి. మనం చేయవలసింది తిండి మానడం కాదు. తిండిని ఎంచుకోవడం.

ఏ భాస్వరం ఎంత ఎక్కుతుంది?

అన్ని రకాల తిండిలోని భాస్వరం ఒకేలా ఒంటికి ఎక్కదు.

పప్పులు, గింజలు: వీటిలోని భాస్వరం సగానికి మించి ఒంటికి పట్టదు. గింజలో అది బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడదీసే శక్తి మన కడుపుకు లేదు.

పాలు, మాంసం, చేప, గుడ్డు: వీటిలో 100 పాళ్ళు ఉంటే సుమారు 60 పాళ్ళు దాకా ఎక్కుతుంది.

ప్యాకెట్ తిండి, నల్లటి కూల్‌డ్రింకులు: వీటిలో ఫ్యాక్టరీలో కలిపిన భాస్వరం ఉంటుంది. నిలవ ఉండటానికి, పొంగటానికి, మెత్తగా ఉండటానికి కలుపుతారు. ఇది 100కి 90 పాళ్ళ పైనే ఎక్కుతుంది.

కాబట్టి ముందు మానవలసింది ఏది? ప్యాకెట్ తిండి, నల్లటి కూల్‌డ్రింకు. ఇవి మానితే ఒంటికి వచ్చే నష్టం ఏమీ లేదు. డబ్బు కూడా మిగులుతుంది.

ఇంట్లో వంట ఇలా

గుడ్డులో భాస్వరం దాదాపు అంతా పచ్చసొనలోనే ఉంటుంది. తెల్లసొనలో మంచి మాంసకృత్తులు ఉంటాయి. భాస్వరం చాలా తక్కువ. కాబట్టి రోగికి తెల్లసొన పెట్టండి. పచ్చసొన పిల్లలకు పెట్టండి.

ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 180 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటుంది. గేదెపాలలో ఇంకా ఎక్కువ. పాలు, పెరుగు, మజ్జిగ అన్నీ కలిపి రోజుకు ఎంత అన్నది డాక్టరు చెప్పినట్టే చేయాలి.

ఎండు చేపలు, ఎండు రొయ్యలు, కార్జం, మెదడు మానాలి. పచ్చి చేప, కోడిమాంసం కొలత ప్రకారం తినవచ్చు. కాళ్ళ సూపు డాక్టరును అడగకుండా రోజూ తాగకూడదు.

మాంసాన్ని ఎక్కువ నీళ్ళలో ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్ళు పారబోసి, తరువాత కూర వండండి. పప్పును నానబెట్టి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, పైన తేటను వంచేయండి. కొంత భాస్వరం ఆ నీళ్ళలో పోతుంది. మాంసకృత్తులు చాలావరకు మిగులుతాయి. ఆ పప్పు తేటతో రోగికి చారు కాయకూడదు.

నువ్వుల పొడి, పల్లీల పచ్చడి, కొబ్బరి పొడి తగ్గించాలి. తెల్లన్నం, బీరకాయ, సొరకాయ, దొండకాయ, పొట్లకాయ లాంటివి తేలిక. ఉప్పు తగ్గించాలి. “తక్కువ సోడియం ఉప్పు” అని అమ్మే ఉప్పు వాడకూడదు. అందులో పొటాషియం ఉంటుంది. అది ఈ రోగికి ప్రాణం మీదికి తెస్తుంది.

బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలి?

భాస్వరాన్ని పట్టుకునే బిళ్ళలు ఉన్నాయి. కొన్నింటిలో క్యాల్షియం కార్బొనేట్ ఉంటుంది. కొన్నింటిలో క్యాల్షియం ఎసిటేట్ ఉంటుంది. సెవెలమర్ అనే బిళ్ళలో క్యాల్షియం ఉండదు. ఎవరికి ఏది పడుతుందో డాక్టరు చెబుతారు.

జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి గనులు చూశాం. సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే లారీలు చూశాం. ఆ రాయిలో ఉండేది ముఖ్యంగా క్యాల్షియం కార్బొనేటే. దాన్ని శుద్ధి చేసి, తూకం ప్రకారం మందుగా తయారు చేస్తారు. అలాగని తమలపాకు సున్నం మింగకూడదు. అది వేరు. నోరు, పేగు కాలిపోతాయి.

ఈ బిళ్ళ ఎలా పని చేస్తుంది? కడుపులో తిండితో కలుస్తుంది. తిండిలోని భాస్వరాన్ని పట్టుకుంటుంది. రక్తంలోకి పోనివ్వకుండా విరేచనంలో బయటికి పంపుతుంది. కాబట్టి తిండి ఉన్నప్పుడే దానికి పని. ఒక ఇంట్లో అత్తాకోడళ్ళు ఈ సంగతే మాట్లాడుకుంటున్నారు. చదవండి.

అత్త: బిళ్ళలన్నీ పొద్దున్నే పరగడుపున వేసేసుకున్నానే. ఇంక సాయంత్రం దాకా గొడవ లేదు.

కోడలు: అయ్యో అత్తయ్యా! ఈ తెల్ల బిళ్ళ పరగడుపున వేసుకునేది కాదు. చీటీ మీద డాక్టరు గారు “భోజనంతో” అని రాశారు. నేను చదివాను.

అత్త: ఎప్పుడు వేసుకున్నా కడుపులోకే కదా పోయేది!

కోడలు: చేలో పంట లేనప్పుడు కాపలా పెడితే ఏం లాభం? పంట ఉన్నప్పుడే కాపలా కావాలి. అన్నం తినేటప్పుడే ఈ బిళ్ళ ఉండాలి.

అత్త: మరి మూడు పూటలా వేసుకోవాలా?

కోడలు: తిన్న పూటల్లా వేసుకోవాలి. తినని పూట వద్దు. మీరు పొద్దున ఒక ఇడ్లీ తింటారు, మధ్యాహ్నం పప్పు, కూర తింటారు. ఏ పూటకు ఎన్ని అన్నది మళ్ళీ వెళ్ళినప్పుడు అడుగుదాం.

అత్త: ఐరన్ బిళ్ళ కూడా దాంతోనే మింగనా?

కోడలు: కలపొద్దత్తయ్యా. ఒకదాన్ని ఒకటి పట్టేస్తాయట. ఎంత ఎడం ఉండాలో డాక్టరు గారినే అడుగుదాం.

అత్త: మీ ఆయన నిన్న నందిగామ నుంచి కూల్‌డ్రింకు తెచ్చాడు. నీరసానికి మంచిదన్నాడు.

కోడలు: ఆ సీసా తేండి, చదువుతాను. చూశారా, ఇక్కడ 338 అని ఉంది. ఇది భాస్వరమే. ఇంటికి ఇంక తేవొద్దని ఆయనకు నేను చెబుతాను.

అత్త: రాత్రి బడికి పోతుంటే ఎందుకే అన్నాను. ఇందుకన్నమాట!

ప్యాకెట్ మీది అంకెలు

ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు ఉంటాయి. అవి ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. మనకు ఇంగ్లీషు రాకపోవచ్చు. కానీ అంకెలు వచ్చు కదా! కలిపిన పదార్థాలకు అంకెలు ఉంటాయి. వాటిని ఐ.ఎన్.ఎస్. అంకెలు అంటారు. భాస్వరం అంకెలు ఇవి:

338, 339, 340, 341, 342, 343

450, 451, 452

నల్లటి కూల్‌డ్రింకులో 338 ఉంటుంది. రెండు నిమిషాల్లో వండే నూడుల్స్‌లో, డబ్బా చీజ్‌లో, కేకుల్లో 339, 450, 451, 452 లాంటివి కనపడతాయి. అంకె పక్కన చిన్న గుర్తులు ఉన్నా అంకెనే చూడండి.

కొన్ని ప్యాకెట్ల మీద అంకె ఉండదు. పేరే ఉంటుంది. అప్పుడు బడికి పోయే పిల్లల చేత చదివించండి. “ఫాస్ఫేట్” అనే మాట ఉందేమో వెతకమనండి. ఆ మాట ఉంటే రోగికి ఆ ప్యాకెట్ వద్దు.

లెక్క చేద్దాం

మూత్రం పూర్తిగా ఆగిపోయిన ఒక మనిషి ఉన్నాడు. వారానికి 3 సార్లు డయాలిసిస్‌కు పోతున్నాడు. ఒక్కో డయాలిసిస్ సుమారు 4 గంటలు పడుతుంది.

రోజూ తిండిలో 1000 మిల్లీగ్రాముల భాస్వరం తిన్నాడు. అందులో 600 రక్తంలోకి ఎక్కింది అనుకుందాం.

వారానికి ఎక్కింది: 600 × 7 = 4200

ఒక్క డయాలిసిస్‌లో సుమారు 800 పోతుంది అనుకుందాం.

మూడు సార్లకు పోయింది: 800 × 3 = 2400

ఒంట్లో మిగిలింది: 4200 – 2400 = 1800

వారానికి రెండు సార్లే పోతే? 800 × 2 = 1600 పోతుంది. 4200 – 1600 = 2600 మిగులుతుంది.

ఈ లెక్క ఏం చెబుతోంది? డయాలిసిస్ ఒక్కటే సరిపోదు. మిగిలిన దాన్ని ఆపేది రెండే. తిండి ఎంపిక. వేళకు బిళ్ళ. డయాలిసిస్ ఒకసారి మానినా, మధ్యలో లేచి వచ్చేసినా ఆ భాస్వరం ఒంట్లోనే ఉండిపోతుంది. బస్సు ఖర్చుకు వెనకాడి, కూలి పోతుందని వెనకాడి మానకండి.

నొప్పికి సూది వద్దు

ఎముకల నొప్పి పుడితే చాలామంది వెంటనే నొప్పి సూది వేయించుకుంటారు. మందుల కొట్లో అడిగి నొప్పి బిళ్ళ తెచ్చుకుంటారు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు మూత్రపిండాలను ఇంకా చెడగొడతాయి. మూత్రపిండం చెడితే ఎముక నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగితే మళ్ళీ సూది. ఇది గానుగెద్దు తిరుగుడు. ఈ తిరుగుడు ఆపాలి. నొప్పికి ఏ మందు వాడాలో మూత్రపిండాల డాక్టరునే అడగాలి.

డి విటమిన్ సూదులు, సున్నం బిళ్ళలు కూడా సొంతంగా వాడకూడదు. కడుపు మంట మందుల్లో కొన్నింటిలో అల్యూమినియం ఉంటుంది. చెడిన మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు. అది ఎముకల్లో చేరుతుంది.

మనకు ఆనుకొని పాత నల్గొండ జిల్లా ఉంది. అక్కడ ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు వంగిన వారిని చూశాం. అందుకే మన వైపు ఎముకల నొప్పి అంటే “ఫ్లోరైడ్ నొప్పులే” అని వదిలేస్తుంటారు. అన్నీ ఫ్లోరైడ్ నొప్పులు కావు. రక్త పరీక్ష చేయిస్తే తేడా తెలుస్తుంది. మూత్రపిండాలు చెడినవారి ఒంట్లో ఫ్లోరైడ్ కూడా ఎక్కువ నిలుస్తుంది. వారు బోరు నీటిని పరీక్ష చేయించుకోవాలి.

గుల్లబారిన ఎముక పడితే విరుగుతుంది. కాబట్టి స్నానాల దొడ్డిలో పాచి లేకుండా కడగండి. రాత్రి లేచే దారిలో దీపం పెట్టండి. గడపల దగ్గర చేతి కర్ర ఇవ్వండి. డాక్టరు ఒప్పుకుంటే రోజూ కొంచెం నడిపించండి. మంచానికే పరిమితమైతే ఎముక ఇంకా బలహీనపడుతుంది.

మనకున్న సాయం

డయాలిసిస్ ఖర్చు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం ఇదే. డయాలిసిస్ చేయించుకునే వారి పింఛనును రాష్ట్ర ప్రభుత్వం 2019లో నెలకు 10,000 రూపాయలకు పెంచింది. ఏ కాగితాలు కావాలో ఆశా కార్యకర్తను, ఎ.ఎన్.ఎం.ను అడగండి. దరఖాస్తు మీరే చదివి సంతకం పెట్టండి. వేలిముద్ర రోజులు పోయాయి.

ఆసుపత్రికి పోయినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి:

నా భాస్వరం అంకె ఎంత?

ఈ బిళ్ళ ఏ పూట, ఎన్ని వేసుకోవాలి?

నేను రోజుకు ఎన్ని పాలు, ఎంత పప్పు, ఎంత మాంసం తినవచ్చు?

మళ్ళీ పరీక్ష ఎప్పుడు?

అడగడానికి మొహమాటం వద్దు. డాక్టరు చెప్పింది నోటు పుస్తకంలో రాసుకోండి. ఇంటికి వచ్చాక ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. వంట చేసేవారికి తెలియాలి. సరుకులు తెచ్చేవారికి తెలియాలి. రోగి ఒక్కడికే తెలిస్తే చాలదు.

కొత్త మాటలు

భాస్వరం – ఫాస్ఫరస్. ఎరువులోనూ, తిండిలోనూ, ఎముకలోనూ ఉండేది.

మూత్రపిండం – కిడ్నీ. రక్తాన్ని వడకట్టేది.

గ్రంథి – ఒంట్లో కబురు పదార్థాలను తయారుచేసే భాగం.

పరగడుపు – ఏమీ తినని కడుపు.

డయాలిసిస్ – యంత్రంతో రక్తాన్ని శుభ్రం చేయడం.

చెప్పండి, రాయండి

1. 18-46-0 బస్తాలో భాస్వరం అంకె ఏది? 50 కిలోల బస్తాలో అది ఎన్ని కిలోలు?

2. ఈ అంకెల్లో భాస్వరం అంకెల చుట్టూ సున్న చుట్టండి: 330, 338, 500, 450, 296, 452.

3. భాస్వరం బిళ్ళ పరగడుపున ఎందుకు వేసుకోకూడదు? రెండు వాక్యాలు రాయండి.

4. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి గుడ్డులో ఏ భాగం పెట్టాలి? ఎందుకు?

5. ఒక మనిషి రక్తంలో భాస్వరం 6.8 ఉంది. అది హద్దులో ఉందా? ఎంత ఎక్కువ ఉంది?

అందరం కలిసి చేద్దాం

మీ వాడలో మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎవరో తెలుసుకోండి. వారి ఇంటికి ఈ పుస్తకం తీసుకుపోండి. వారి బిళ్ళల చీటీ చదివి పెట్టండి. “భోజనంతో” అని ఉన్న బిళ్ళలను వేరే డబ్బాలో వేసి, డబ్బా మీద పెద్ద అక్షరాలతో “అన్నంతో” అని రాసి అతికించండి. ఆ డబ్బా అన్నం గిన్నె పక్కనే పెట్టమని చెప్పండి.

జవాబులు: 1) 46, 23 కిలోలు. 2) 338, 450, 452. 5) హద్దులో లేదు. 6.8 – 4.5 = 2.3 ఎక్కువ ఉంది. 3, 4 ప్రశ్నల జవాబులు పాఠంలో వెతికి, మీ మాటల్లో రాయండి.